దవడలో దాక్కున్న గుండె

కాళ్ళ కింద నల్ల బెల్టు నెమ్మదిగా వెనక్కి జారడం మొదలుపెట్టగానే డ్రిల్లు టీచరుకు ముందు వచ్చింది భయం కాదు, నవ్వు. నడుస్తోంది, చేతులు ఊగుతున్నాయి, మడమ ఆనాక వేళ్ళు ఆనుతున్నాయి, అంతా ఇన్నేళ్ళూ పిల్లలకు నేర్పిన పద్ధతిలోనే ఉంది, కాని ఎదురుగా ఉన్న గోడ మాత్రం అంగుళం కూడా దగ్గరకు రావడం లేదు, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. గానుగెద్దు నయం, సాయంత్రానికి ఇంత నూనైనా కళ్ళజూస్తుంది. ఇక్కడ నడిచినందుకు దక్కేది ఒక గీతల కాగితం. ఒంటి మీద అతికించిన బిళ్ళలు, వాటి నుంచి వేలాడే తీగలు, నడుముకు కట్టిన పెట్టె, జబ్బకు బిగించిన బీపీ పట్టీ, ఈ అలంకారం బడి పిల్లలు చూస్తే 'విజిలు టీచర్‌కి చార్జింగ్ పెట్టారర్రా' అని దొర్లి దొర్లి నవ్వేవాళ్ళు. బయట వరండాలో ఆమె చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మొగుడు గారు ఈపాటికి పేపర్లో పదాల గళ్ళు నింపుతూ పక్కవాళ్ళని అక్షరాలు అడుగుతూ ఉంటారు. కళ్ళజోళ్ళ షాపు నడుపుకునే మనిషి, పరుగు అన్న మాట వింటేనే చుట్టూ కుర్చీ కోసం వెతుకుతారు, అలాంటివాడి గుండె గుండ్రాయిలా ఉండి తన గుండెకు పరీక్ష రావడం ఏం న్యాయమో.

"స్పీడు బాగానే ఉందా టీచర్?" అని కంప్యూటరు తెర వెనక నుంచి అడిగింది టెక్నీషియన్ అమ్మాయి. బాగానే ఉంది అన్నట్టు తల ఊపింది. ఇందాక గదిలోకి అడుగు పెట్టగానే ఆ పిల్ల రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుని "టీచర్, నేను! కడుపునొప్పి!" అని అరిచింది. ఫైలు చూస్తున్న డాక్టరు గారు కంగారుగా లేచి "ఎవరికి?" అన్నారు. పేరు తట్టలేదు గాని కడుపునొప్పి అనగానే మొహం తట్టింది. బడిలో ఉన్నన్నాళ్ళూ డ్రిల్లు పీరియడంటే చాలు, ఒకరోజు కడుపు, ఒకరోజు మడమ, మబ్బు పడితే తల, ఎండ కాస్తే కళ్ళు, ఆ పిల్ల ఒంట్లో నొప్పి మజిలీ చెయ్యని చోటు లేదు. నొప్పి అన్నవాళ్ళని నిజమా అబద్ధమా అని నిలదీయడం డ్రిల్లు టీచరు పద్ధతి కాదు, పరుగెత్తమనీ అనదు, కాని ఊరికే కూర్చోనివ్వదు, చేతిలో స్టాప్‌వాచీ పెట్టి గీత దగ్గర నిలబెడుతుంది, పరుగెత్తలేనివాళ్ళు పరుగెత్తేవాళ్ళని చూడాలి, అంతే. అలా ఒక్క రౌండూ కొట్టకుండా బడి దాటిన ఘనురాలు. "మీరు చేతిలో పెట్టిన వాచీ ఇంకా దించలేదు టీచర్ నేను, చూడండి, ఇక్కడా అదే పని" అంటూ బిళ్ళలు అతికించింది. ఆ బిళ్ళల చల్లదనానికి చక్కిలిగింత పుట్టి ఇద్దరూ నవ్వారు, డాక్టరు గారు కూడా కొంచెం నవ్వారు, ఆయన నవ్వితే కళ్ళజోడు కిందికి జారుతుంది, మా ఆయనకు చెప్పాలి, ముక్కు దగ్గర బిగించమని.

బెల్టు ముందు కొస తల ఎత్తినట్టు పైకి లేచింది. ఇదన్నమాట ఎక్కుడు. సరే, ఎక్కుదాం, దీన్ని గెలిచి తీరాలి, ఎందుకంటే వచ్చే నెలలో బడి ఆటల పోటీలు, అందులో చివరిది పెద్ద పరుగు, మైదానం చుట్టూ తిరిగి, బయటి దారి వెంట పోయి, గేటులోంచి మళ్ళీ లోపలికి రావాలి. ఆమె ఉద్యోగంలో అదే ఆఖరి పరుగు, ఆ తర్వాత వేసవి సెలవులు, సెలవుల తర్వాత ఆమె ఉండదు, ఆమె కుర్చీలో ఎవరో కుర్ర టీచరు మెడలో కొత్త విజిలు వేసుకుని ఉంటుంది. ఆ పరుగులో ఆమె గెలిచేవాళ్ళ వెంట పోదు, వాళ్ళకేం, వాళ్ళకు కాళ్ళున్నాయి, చప్పట్లున్నాయి. ఆమె పరుగెత్తేది అందరికన్నా వెనక పడిన పిల్ల పక్కన. చేరిన మొదటి ఏడాది ఎవరూ చెప్పకుండానే దూకింది అలా, ఇక అదే అలవాటైంది. 'పరుగెత్తు పరుగెత్తు' అనదు, వెనక్కి చూడనివ్వదు, వేరే మాటలు చెబుతుంది, మీ పిల్లి ఈనిందా, మీ అన్నయ్య నిజంగానే గుండు కొట్టించుకున్నాడా అని. ఆ పిల్ల జవాబు చెప్పడానికి ఊపిరి కూడదీసుకుంటూ ఉండగానే గేటు వచ్చేస్తుంది. మొదట వచ్చినవాళ్ళకన్నా ఆఖరున వచ్చినవాళ్ళకే మైదానం ఎక్కువ అరుస్తుంది, అది మాత్రం ఆమె నేర్పిన విద్య కాదు, దానంతట అదే వచ్చింది. కాబట్టి ఈ డాక్టరు గారు ఆ కాగితం మీద 'పరుగెత్తవచ్చు' అని రాసి ఇస్తే చాలు, ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు.

మొన్న సాధనలో కూడా అలాగే దిగింది. వెనకబడిన పిల్ల బొద్దుగా ఉంటుంది, పరుగు మధ్యలో చీమల బారు కనబడినా ఆగి చూస్తుంది, లోకంలో దానికి తొందర లేదు. బయటి దారి ఎక్కుడు మొదలవగానే డ్రిల్లు టీచరు ఎడమ దవడలో సన్నగా నొప్పి మొదలైంది, పంటి కింద ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు. మాట ఆగింది. తర్వాత అడుగు బరువైంది. బూటు తాడు కట్టుకుంటున్నట్టు వంగింది. ఆ పిల్ల నాలుగడుగులు ముందుకు పోయి వెనక్కి తిరిగి "టీచర్, మీరు రండి, నేను ఆగుతాలెండి" అంది, ఎంత పెద్దమనిషి తరహాగా అందో, బస్సు ఆపి ముసలమ్మను ఎక్కించుకునే కండక్టరులా. నువ్వు పద, వస్తున్నా అని చేతితో తోసింది. చివరికి ఆ పిల్ల గేటు దాటాక, గుక్క తిప్పుకుని డ్రిల్లు టీచరు దాటింది, అప్పుడు ఆ పిల్ల చేతులు రెండూ పైకెత్తి మైదానమంతా తిరుగుతూ "నేను లాస్టు కాదు! నేను లాస్టు కాదు! టీచరు లాస్టు!" అని చాటింపు వేసింది. పుట్టి బుద్ధెరిగాక దానికి అదే మొదటిసారి. దవడ అంత లాగుతున్నా నవ్వొచ్చింది. నవ్వుతూనే అనుకుంది, పంటి డాక్టరు దగ్గరికి పోవాల్సిందే.

అసలు దానికి ఆమె మొదట వేసిన నింద విజిలు మీద. ఇన్నేళ్ళు ఇనప విజిలు కొరికి కొరికి దవడ అరిగిందనుకుని ప్లాస్టిక్ విజిలు కొంది. అది పిట్ట కూతలా కూసి పిల్లలు ఎవరూ లెక్కచెయ్యలేదు, నొప్పీ లెక్కచెయ్యలేదు. బస్సు దిగి బడికి పోయే ఎక్కుడు దారిలో సగానికి వచ్చేసరికి దవడ లాగేది, ఆగితే పోయేది. ఊరికే ఆగితే వెనక వచ్చే పిల్లలు ఏమనుకుంటారోనని చెప్పుల షాపు అద్దం ముందు ఆగేది, రోజూ ఆగేది, తదేకంగా చూసేది. ఆ షాపువాడు ఒకరోజు బయటికే వచ్చాడు. "రోజూ చూసి పోతున్నారు మేడమ్, మొహమాటపడకండి, మీ కోసం ధర తగ్గిస్తాను." ఏం చెబుతుంది, దవడ కోసం ఆగుతున్నాను నాయనా అనా? కొనేసింది. ఇవే ఆ బూట్లు, ఇప్పుడు ఈ బెల్టు మీద చప్పుడు చేస్తున్నవి, మెత్తగా బాగానే ఉన్నాయి, వేలి దగ్గర కొంచెం బిగువు. "పాతవి అరగకుండానే కొత్తవా?" అని మొగుడు గారు ముక్కు మీద కళ్ళజోడులోంచి చూశారు, ఆ రాత్రి అన్నం దగ్గర ఆమె ఎటువైపు నములుతోందో గమనించారు, అద్దాల వ్యాపారం చేసేవాళ్ళతో ఇదే చిక్కు. మర్నాడు ఆయనే పళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కుపోయారు. దారంతా ఒకటే వేళాకోళం, పళ్ళు రాలగొడతానని ఊళ్ళో పిల్లలందర్నీ బెదిరించావు, ఇప్పుడు చూడు, నీ పళ్ళే వంతు అడుగుతున్నాయి అని. పళ్ళ డాక్టరు చిన్న అద్దం పెట్టి అన్నీ తట్టి చూసి, పళ్ళు రాళ్ళలా ఉన్నాయి, నొప్పి ఎప్పుడొస్తుంది అని అడిగింది. ఎక్కుడు ఎక్కితే వస్తుంది, ఆగితే పోతుంది అంది. ఆవిడ చేతిలో అద్దం కింద పెట్టేసింది. "పళ్ళు మెట్లెక్కవు కదమ్మా. నడకతో వచ్చి నిలబడితే పోయే నొప్పి పంటిది కాదు. ఇవాళే గుండె డాక్టరుకు చూపించుకోండి." నోరు తెరిచి కూర్చున్న డ్రిల్లు టీచరు ఆ నోరు మూయడం మరిచిపోయింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, గుండెకు వచ్చిన కష్టం పోయి పోయి దవడ మీద పడిందన్నమాట.

బెల్టు వేగం పెరిగింది, ఇప్పుడిక నడక కాదు, నడకకూ పరుగుకూ మధ్య ఉండే ఆ అందం చందం లేని గెంతు. పక్క గోడకు గుండె బొమ్మ, పైన పాకిన ఎర్ర తీగలు. ఇందాక డాక్టరు గారు దాని మీదే వేలు పెట్టి చూపించారు, ఇవే గుండెకు తిండి పెట్టే నాళాలు, ఒంటికంతా రక్తం తోసే గుండె తన తిండి తెచ్చుకునేది ఈ సన్నటి వాటిలోంచే. లోపల గార కట్టి ఒకటి ఇరుకైతే కూర్చున్నప్పుడు తెలియదట. ఎందుకంటే ఆ ఇరుకు దాటాక ఉన్న చిన్న చిన్న దారులు తలుపులు బార్లా తెరిచి వచ్చిందంతా లాక్కుంటాయి, సర్దుకుపోతాయి. చిక్కల్లా పరుగెత్తినప్పుడే. అప్పుడు గుండెకు మూడు నాలుగింతలు రక్తం కావాలి, బాగున్న నాళాలు ఆ లెక్కన ఇంకా తెరుచుకుంటాయి, ఈ ఇరుకుదాని వెనక తలుపులు ముందే తెరిచేసి ఉన్నాయి, ఇంక తెరవడానికేముంది? పిండి కొద్దీ రొట్టె. ఆ మేర కండ ఆకలితో అలమటిస్తుంది, ఆ అలమటింపే నొప్పి, కొందరికి రొమ్ములో, కొందరికి చేతిలో, మీకు దవడలో. ఇంకో మాట కూడా అన్నారు ఆయన, అదే ఆమెను పట్టుకుంది. గుండె బిగిసినప్పుడు తన నాళాలను తనే నొక్కేసుకుంటుందట, దాని పెద్ద గదికి తిండి అందేది ఎక్కువగా దెబ్బకూ దెబ్బకూ మధ్య సడలే ఆ కాస్త సందులోనేనట, పరుగు పెరిగేకొద్దీ ఆ సందు తరిగిపోతుంది. అమ్మ. ఇంటినిండా చుట్టాలు దిగినప్పుడు అమ్మ ఒక పంక్తి లేచి ఇంకో పంక్తి కూర్చునేలోపు వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడి నాలుగు ముద్దలు తినేది, ఎప్పుడు తిన్నావే అని నాన్న అడిగితే 'మీరు చెయ్యి కడుక్కుంటున్నప్పుడు' అనేది. చుట్టాలు మరీ ఎక్కువైన రోజున ఆ సందూ దొరికేది కాదు. ఆ రోజుల్లోనే అమ్మకు చిరాకు, ఊరికే గిన్నెలు చప్పుడు చేసేది, మనకేమో గిన్నెల మీద కోపం అనిపించేది. గుండె కూడా అంతే కాబోలు, నోరు లేనిది, దవడ మీద గిన్నెలు పడేస్తోంది.

అదిగో, వచ్చింది. ఎడమవైపు, కింది పళ్ళ వరస కింద, సన్నటి తాడు. తెలిసిన చుట్టమే. ఇంకా పెద్దదేం కాదు. "ఎక్కడైనా నొప్పిగా, బిగుతుగా ఉందా టీచర్? ఉంటే వెంటనే చెప్పాలి" అంది అమ్మాయి. లేదన్నట్టు తల ఊపింది. ఊపుతున్నప్పుడే తెలుసు అది అబద్ధమని. ఇంకాసేపు ఓర్చుకుంటే అయిపోతుంది, పరుగులో డొక్కలో పట్టేస్తే ఏం చేస్తాం, ఊపిరి వదిలి ఇంకాస్త లాగుతాం, ఎన్ని వేలమందికి చెప్పింది ఆ మాట, తనకు పనికిరాదా? కాగితం కావాలి. గేటు, చప్పట్లు, ఆ బొద్దు పిల్ల, ఒక్కసారి, ఇదొక్కసారి. తాడు లావైంది, మెడలోకి దిగింది. డాక్టరు గారు తెర మీదికి వంగారు, గీతలు ఏవో కిందికి జారుతున్నట్టున్నాయి. అమ్మాయి మాత్రం తెర వదిలేసి వచ్చి ఎదురుగా నిలబడి ఆమె మొహంలోకి చూసింది.

"టీచర్, బడిలో ఉన్నన్నాళ్ళూ లేని నొప్పి మీకు చెప్పాను. ఆ మొహాలన్నీ అద్దం ముందు నేర్చుకున్నాను నేను. నొప్పి లేదనే మొహం ఒక్కటే నాకు రాలేదు, అది మీరు ఇప్పుడు పెట్టారు చూడండి, అదీ సరిగ్గా రాలేదు."

నవ్వాలి, నవ్వితే దవడ ఇంకా లాగింది. ఈ పిల్లకు ఎంత నోరు. కాని ఆ మాట వెనకే ఇంకో బొమ్మ వచ్చి నిలబడింది, ఎక్కడ నుంచి వచ్చిందో తెలియదు. బయటి దారి, ఎక్కుడు, కాగితం జేబులో ఉంది, 'పరుగెత్తవచ్చు' అని రాసి ఉంది. ఆమె ఏదో మాట చెబుతూ చెబుతూ ఆగిపోయింది. బూటు తాడు కోసం కాదు. ఆ బొద్దు పిల్ల నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగింది, రండి టీచర్, నేను ఆగుతాలెండి అంది, ఇంకోసారి అంది, దగ్గరికి వచ్చింది, వంగి చూసింది. అందరూ ముందెక్కడో ఉన్నారు. తను నెమ్మదిగా పోబట్టే టీచరు కూడా వెనకబడిందని, అందుకే ఇలా అయిందని ఆ పిల్ల అనుకుంటుంది, ఎవరెన్ని చెప్పినా అనుకుంటుంది, మళ్ళీ చీమల దగ్గర ఆగదు, పెద్దయ్యాక కూడా ఎక్కడా ఆగదు. వద్దు. అదొక్కటి వద్దు.

"నొప్పి," అంది. "దవడ. కాసేపటి నుంచీ ఉంది. మెడలోకి దిగింది." ముప్ఫయ్యేళ్ళ మైదానంలో ఆమె నోట రాని మాట అంత తేలిగ్గా, ఉమ్మేసిన నేరేడు గింజలా వచ్చేసింది. "గుడ్, చాలు," అన్నారు డాక్టరు గారు, అమ్మాయి చెయ్యి అప్పటికే మీట మీద ఉంది. బెల్టు తల దించింది, నిదానించింది, ఆగింది. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని పక్కనున్న మంచం మీదికి ఎడమవైపు తిప్పి పడుకోబెట్టారు, నాలుక కింద ఏదో చల్లగా చిమ్మారు, పక్కటెముకల మీద జిగురు పూసి చిన్న యంత్రం ఆనించారు, అంతా ఎంత చకచకా చేశారంటే, రిలే పరుగులో కర్ర అందుకున్నట్టు, ఇలాంటి జట్టు తనకు ఒక్క ఏడాదీ దొరకలేదే అనిపించింది.

తెర ఇప్పుడు ఆమెవైపు తిప్పి ఉంది. బూడిద రంగు పొగలో ఏదో మూసుకుంటోంది, తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. తన గుండె. పరుగుకు ముందు తీసిన బొమ్మ పక్కనే కదులుతోంది, అందులో గోడలన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే లోపలికి వస్తున్నాయి. ఇప్పటి బొమ్మలో అలా లేదు. "ఇదిగో చూడండమ్మా, ఈ గోడ," అన్నారు డాక్టరు గారు, "మిగతావన్నీ వచ్చేశాక గాని కదలడం లేదు. దీనికి వెళ్ళే నాళమే ఇరుకైంది. మీరు చెప్పిన నొప్పి, గీతల్లో తేడా, ఇది, మూడూ ఒకే మాట చెబుతున్నాయి. ఈ వారంలోనే యాంజియోగ్రాం తీసి చూద్దాం, నాళం తెరవాల్సి వస్తే తెరుద్దాం. మందులు ఇవాళ్టి నుంచే." "వచ్చే నెల పరుగు?" అంది. "లేదు. ముందు నడక. పరుగు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం, అసలు ఉండదని కాదు." ఆమె ఊహించుకున్నంత పెద్ద దెబ్బగా తగల్లేదు అది, ఎందుకంటే ఆమె కళ్ళు ఆ గోడ మీదే ఉన్నాయి. ఎంత మొండిది, ఎంత నెమ్మది. మూడు గోడలు వచ్చి నిలబడ్డాక ఇది అప్పుడు, ఆయాసపడుతూ, సగం దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఈడుస్తోందో పాపం, చెప్పుల షాపు అద్దం ముందు ఆగింది దీని కోసమే కాబోలు, తెలియలేదు.

తలుపు దగ్గర సంచి పట్టుకుని మొగుడు గారు వచ్చి నిలబడ్డారు, ఎవరు పిలిచారో. పేపరు చంకలో ఉంది, మొహం తెల్లగా ఉంది. "ఏమైందోయ్?" అన్నారు, తర్వాత తెర చూసి, దొరికిన మాటే అన్నారు. "ఇదా నీ గుండె? ఇంతేనా? ఇంట్లో అరుపులు వింటే ఇంకా పెద్దదనుకున్నానే." అమ్మాయి కిసుక్కున నవ్వింది, డాక్టరు గారి కళ్ళజోడు జారింది. ఆయన రిపోర్టు కోసం లేవబోయారు. దవడలో తాడు వదులవుతోంది, ఒక్కో పోగే తెగుతోంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య సందు పెరుగుతోంది, ఊపిరిని ఇంకొంచెం నిదానం చేసింది ఆమె. తెర మీద అందరికన్నా వెనకబడిన ఆ గోడ ఈసారి సగం కన్నా కొంచెం ఎక్కువే వచ్చింది. ఇంకోసారి, ఇంకాస్త.

"ఉండండి," అంది డ్రిల్లు టీచరు, తల తిప్పకుండా, చెయ్యెత్తి అందర్నీ ఆపి. "ఎవరూ కదలకండి. ఇంకా ఒకళ్ళు రావాలి."